పలుగు కాని రాయి

మా బాపుకు నేను చెప్పిన మొట్టమొదటి సైన్సు పాఠం తప్పు. ఆ తర్వాత ఇరవయ్యేళ్ళకు పైగా హనుమకొండలో బడిపిల్లలకు సైన్సు చెప్పే బతికాను. ఆ పాఠాల్లోనూ తప్పులు దొర్లే ఉంటాయి, కానీ పిల్లలు నా మాట చెవిన పెట్టే రకం కాదు కాబట్టి ఎవరికీ పెద్ద నష్టం జరగలేదు. బాపు చెవిన పెట్టాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మాది వర్ధన్నపేట దగ్గర పల్లె. మాకు భూమి లేదు. బాపు పలుగురాళ్ళ యార్డులో పనిచేసేవాడు. పలుగురాయి తెలియనివాళ్ళుండరు. చెలకల్లో కాళ్ళకు గుచ్చుకునే తెల్లరాయి, పిల్లలు రెండు ముక్కలు తీసుకుని కొట్టి నిప్పురవ్వలు చూసే రాయి. కాలేజీలో దాన్నే క్వార్ట్జ్ అంటారు. మా వైపు గుట్టల్లో దాన్ని తవ్వి, ట్రాక్టర్లలో తెచ్చి యార్డులో కుప్పలు పోసేవాళ్ళు. ఆ కుప్పల ముందు మనుషులు గోనెపట్టాలు పరుచుకుని వరసగా కూర్చుని ఏరేవాళ్ళు. మచ్చలేని తెల్లరాయి ఒక పక్కకు, తుప్పుమరక ఉన్నది ఇంకో పక్కకు, దేనికీ పనికిరానిది వెనక్కి. తెల్లది పక్కనున్న మిల్లుకు పోయి పిండి అయ్యేది. ఆ పిండితో గాజు చేస్తారో పింగాణీ చేస్తారో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కూడా.

ఏరేవాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. ఎడమచేత్తో రాయిని ఎత్తుతారు, కుడిచేతిలోని చిన్న సుత్తితో ఒక్క దెబ్బ కొడతారు, పగిలిన ముఖం చూసి విసిరేస్తారు. చూసేవాళ్ళకు సుత్తే పని చేస్తున్నట్టు కనిపిస్తుంది. నిజానికి సగం తీర్పు సుత్తి పడకముందే ఎడమ అరచేతిలో అయిపోయేది. లోపల ఇనుపమరక ఉన్న రాయి ఎంత బరువు తూగుతుందో, లోపల డొల్ల ఉన్నది ఎంత తేలిపోతుందో ఆ చేతికి తెలుసు. యార్డు మొత్తంలో మా బాపు చెయ్యి పేరున్న చెయ్యి. అనుమానం వచ్చిన రాయిని మేస్త్రీ స్వయంగా పట్టుకొచ్చి బాపు అరచేతిలో పెట్టేవాడు. బాపు దాన్ని రెండుసార్లు ఎగరేసినట్టు చేసి, ఒక మాట చెప్పేవాడు. మేస్త్రీ ఇక సుత్తి కూడా అడిగేవాడు కాదు. మా బాపు చదువు లేనివాడు, నోట్లో నాలుక లేనివాడు, కల్లు కాడ కూడా మూలన కూర్చునేవాడు. ఆయనకు లోకంలో ఉన్న మర్యాద మొత్తం ఆ ఎడమచేతిలోనే ఉండేది.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం ఆయన తువ్వాల కొంగున ఒక రాయి కట్టుకుని ఇంటికొచ్చాడు. కోడిగుడ్డు కంటే కాస్త పెద్దది. తెల్లగా, మబ్బుగా, ఒక అంచున మాత్రం కాస్త వెలుతురు పారేట్టు ఉంది. అలాంటివి మా ఇంటి ముందే వంద పడి ఉన్నాయి.

"యార్డుల పొద్దంత రాళ్ళు సాలలేదా, ఇంటికి గూడ తెచ్చినవ్?" అంది అమ్మ.

"గిది పలుగు గాదు."

"మరేంది?"

"ఎర్కలేదు. చేతిల నిండుగ కూసుంటాంది."

అమ్మ నవ్వింది. ఆ రాయికి ఆ పూటే 'చిన్న పెండ్లాం' అని పేరు పెట్టింది. మరియతల్లి పటం కింద అల్మారాలో దానికి చోటిచ్చింది. దులిపినప్పుడల్లా "నీ చిన్న పెండ్లాం మీద దుమ్ము పడ్డది, నువ్వే తుడుసుకో" అనేది. బాపు నిజంగానే తుడుచుకునేవాడు. ఆదివారం గుడి నుంచి వచ్చాక, ఇంటికెవరైనా వస్తే, ఒక చేతిలో ఆ రాయి, ఇంకో చేతిలో అంతే ఉన్న పలుగురాయి పెట్టి ఏది బరువో చెప్పమనేవాడు. వచ్చినవాళ్ళు అటూ ఇటూ ఊపి చూసి, రెండూ ఒకటేనని తేల్చేవాళ్ళు. మేస్త్రీ కూడా ఒకసారి చూసి పలుగేనన్నాడు. బాపు ఎవరితోనూ వాదించేవాడు కాదు. రాయిని మళ్ళీ అల్మారాలో పెట్టి, "మా బిడ్డ సదువుకుని జెప్తది" అనేవాడు.

అలా నేను జియాలజీ చదవాల్సి వచ్చింది. నిజం చెప్పాలంటే నాకు కామర్స్ ఇష్టం. కానీ ఇంటర్ అయ్యాక హనుమకొండలో డిగ్రీ సీట్ల లిస్టు చూస్తున్నప్పుడు, రాళ్ళ గురించి చెప్పే చదువొకటి ఉందని ఎవరో బాపుకు చెప్పారు. ఆయన మొహం చూశాక ఇంకేం అడగలేకపోయాను. నా జీవితం ఏ దారిన పోవాలో అల్మారాలోని ఒక రాయి తేల్చిందని హాస్టల్లో అందరికీ చెప్పుకుని నవ్వేదాన్ని.

మొదటి ఏడాది క్రిస్మస్ సెలవులకు ఇంటికొస్తూ ఒక గాజుముక్క, ఒక చుక్కల సీసాలో పలచటి ఆసిడ్ పట్టుకొచ్చాను. రాయి ఎంత గట్టిదో తేల్చే పరీక్షలు అప్పుడే నేర్పారు. ముందు గోరు, తర్వాత రాగి నాణెం, తర్వాత కత్తి, తర్వాత గాజు. కళ్ళు అప్పటికే నెత్తికెక్కి ఉన్నాయి. నేనొస్తున్నానని బాపు రాయిని సబ్బుతో కడిగి, శుభ్రమైన తువ్వాల మీద పెట్టి ఉంచాడు. పండక్కి కుట్టించుకున్న చొక్కా వేసుకుని నా ఎదురుగా మఠం వేసుకుని కూర్చున్నాడు. అమ్మ కూడా పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి గుమ్మంలో నిలబడింది.

నేను రాయితో గాజు మీద గీశాను. గీత పడింది. ఆసిడ్ చుక్క వేశాను. పొంగలేదు. మొత్తం కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"పలుగే బాపూ."

"మంచిగ సూసినవా బిడ్డా?"

"చూసిన. బుక్కుల అట్లనే ఉన్నది."

"మరి బరువు?"

"బరువు నీ భ్రమ బాపూ. చెయ్యేమన్న తరాజా?"

ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, నా మీద నాకే. గాజుతో ఆగకూడదని నాకు తెలుసు. గాజును గీసే రాళ్ళు చాలా ఉన్నాయి. గాజు తర్వాత ఆ రాయితో ఒక పలుగురాయి మీద గీసి చూడాలి. మా వాకిట్లో అడుగుకొకటి ఉంది, వంగి తీసుకుంటే సరిపోయేది. నీళ్ళలో తూచి చూస్తే బరువు సంగతి కూడా తేలిపోయేది, దారానికి కట్టి బొక్కెనలో వేలాడదీయడమే. అవేవీ చెయ్యలేదు. అమ్మ వండిన కోడికూర వాసన వస్తోంది, నాకు ఆకలేస్తోంది. ఇంతకంటే గొప్ప కారణమేదైనా ఉంటే బాగుండునని చాలాసార్లు వెతుక్కున్నాను, దొరకలేదు.

బాపు రాయిని ఎడమచేతిలోకి తీసుకున్నాడు. కాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు.

"గట్లనా? సరే బిడ్డా," అన్నాడు.

మేస్త్రీ చెప్పినా నమ్మని మనిషి నేను చెప్తే నమ్మాడు. ఆ రోజు నాకు చాలా గర్వంగా అనిపించింది. రెండు ముక్కలు ఎక్కువ వేసుకుని తిన్నాను.

ఆ తర్వాత బాపు ఎవరి చేతుల్లోనూ రెండు రాళ్ళు పెట్టి తూకం అడగలేదు. అమ్మ ఒకటి రెండుసార్లు చిన్న పెండ్లాం అని ఆటపట్టించబోయింది, ఆయన నవ్వలేదు, ఆమె కూడా మానేసింది. ఎండాకాలం వచ్చేసరికి బాపు ఏరే పని వదిలేసి మిల్లులోకి మారాడు. రాళ్ళను పిండి చేసే చోటు. రేకుల షెడ్డు, లోపల మనిషికి మనిషి కనిపించనంత తెల్లదుమ్ము. ముక్కుకు తువ్వాల కట్టుకుని తట్టలు మోసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి. నా హాస్టల్ ఖర్చుల కోసం వెళ్ళాడనుకున్నాను. స్నేహితులకు అలాగే చెప్పాను, చెప్తూ కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను.

నాకు ఉద్యోగం వచ్చిన రెండో ఏడు అమ్మ పోయింది. ఆరు రోజుల జ్వరం. బొందలగడ్డలో మావాళ్ళ సమాధుల మీద సిమెంటు కట్టడాలు అప్పటికి తక్కువ. మట్టి కుప్ప పోసి, దాని మీద చెలకల్లో ఏరుకొచ్చిన పలుగురాళ్ళను సిలువ ఆకారంలో పేరుస్తారు. ఏటా నవంబరులో సమాధుల పండుగకు ముందు గడ్డి పీకి, జారిన రాళ్ళు సర్ది, వాటికి సున్నం వేస్తారు. తెల్లరాయికే మళ్ళీ సున్నం ఎందుకని నేనొకసారి అడిగాను. రాయి తెలుపు దేవుడిది, సున్నం తెలుపు మనదని చిన్నమ్మ చెప్పింది. చిన్నమ్మంటే మా అమ్మ చెల్లెలు, ఆ ఊళ్ళోనే ఉంటుంది.

అమ్మ సిలువకు రాళ్ళు పేరుస్తున్నప్పుడు ఒకటో రెండో తక్కువ పడ్డాయి. బాపు ఇంటికి పోయి అల్మారాలోంచి ఆ రాయి తెచ్చాడు. వరసలో ఎక్కడో ఒక చోట పెట్టాడు. నేను చూశాను. "గిది ఎందుకు బాపూ?" అన్నాను. "గిది గూడ పలుగే గద," అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, అప్పుడైనా నాకు ఎక్కడో తగిలేది. నవంబరులో దానికి కూడా సున్నం వేశారు. ఆ తర్వాత ఏటా వేశారు.

ఆరేళ్ళ కిందట బాపుకు దమ్ము మొదలైంది. మొదట గుట్ట ఎక్కితే వచ్చేది, తర్వాత వాకిలి ఊడిస్తే వచ్చింది, తర్వాత చొక్కా తొడుక్కుంటే వచ్చింది. హనుమకొండ తీసుకొచ్చి సుబేదారిలో నేనుండే ఇంట్లోనే పెట్టుకున్నాను. దవాఖానలో పెద్ద డాక్టరు ఎక్స్‌రే ఫోటో వెలుతురుకు పట్టి నాకు చూపించాడు. ఊపిరితిత్తుల నిండా రాతిపొడి. లోపలికి పోయింది బయటికి రాదు, మందు లేదు, ఉన్నన్నాళ్ళు ఆక్సిజన్ పెట్టుకోవడమే అన్నాడు. బాపు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నేను బయటికొచ్చి, "దుమ్ము అలర్జీ అంట బాపూ, చలికాలం పోతే తగ్గుతది," అన్నాను.

చలికాలం పోయింది. ఎండలు తగ్గితే తగ్గుతుందన్నాను. వానలు పడితే గాలి శుభ్రమవుతుంది, అప్పుడు తగ్గుతుందన్నాను. పోయినసారి ఈస్టర్‌కు లేచి గుడి దాకా నడుస్తావన్నాను. ఆయన ప్రతిసారీ తలాడించాడు. బడిలో మొద్దు పిల్లలకు "నువ్వు ఈసారి పాసవుతావ్" అని చెప్పి చెప్పి నాకు అలాంటి మాటలు బాగా వచ్చు. ఆయన నమ్ముతున్నాడనుకున్నాను.

పోయిన ఆగస్టులో నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలు ఫోన్ చేసింది. ఆమె ఇప్పుడు కాలేజీలో లెక్చరర్. వాళ్ళ డిపార్ట్‌మెంట్‌లో పాత రాళ్ళ అల్మారాలు సర్దుతున్నారు, చెదలు తిన్న లేబుళ్ళు మార్చాలి, వచ్చి ఒక చెయ్యి వెయ్యమంది. ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. క్వార్ట్జ్ అని రాసి ఉన్న ట్రేలో పది పన్నెండు తెల్లరాళ్ళున్నాయి. ఆమె అందులోంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది ఇన్నేళ్ళ నుంచి ఇక్కడ క్వార్ట్జ్ పేరుతోనే ఉందే. మనం కూడా ఇదే చూసి రికార్డు రాసినం. పోయిన నెల ఎందుకో అనుమానమొచ్చి తూచిన. ఫెనకైట్."

ఆ రాయి గురించి ఆమే చెప్పింది. చాలా అరుదు. రాళ్ళు పోగేసేవాళ్ళు దేశాలు తిరిగి వెతుకుతారు. చూడ్డానికి అచ్చం పలుగే, గాజును పలుగులాగే గీస్తుంది, ఆసిడ్‌కు పలుగులాగే పొంగదు. మోసగాడని అర్థం వచ్చే గ్రీకు మాటతో దానికి పేరు పెట్టారట. రెండే తేడాలు. పలుగు మీద గీస్తే పలుగుకే గాటు పడుతుంది. అంతే ఉన్న పలుగుతో తూస్తే పదోవంతు బరువెక్కువ.

నేను ఇంకో చేతిలోకి అంతే ఉన్న పలుగురాయి తీసుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. నాకు ఏ తేడా తెలియలేదు, రెండూ ఒకటేలా ఉన్నాయి. చెయ్యేమన్న తరాజా అన్న నా గొంతు నాకే వినిపించింది. మోసగాడని రాయికి పేరు పెట్టడం కూడా నాకు నచ్చలేదు. రాయి ఎవర్నీ మోసం చెయ్యలేదు. ఎంత బరువుందో అంత బరువూ బాపు చేతికి చెప్పింది. మధ్యలో దూరి అబద్ధమాడింది నేను.

ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. బాపు రాయి ఫెనకైట్ అయినా కాకపోయినా లోకానికి వచ్చేదీ పోయేదీ ఏమీ లేదు. నాకు కావలసింది ఒక్కటే. నీ చెయ్యి తప్పు చెప్పలేదని బాపు ఉండగానే బాపుకు చెప్పాలి. డాక్టరు మాటను బట్టి చూస్తే ఎక్కువ రోజులు లేవు.

మరుసటి శనివారం బడికి సెలవు పెట్టి ఊరికి బస్సెక్కాను. బొందలగడ్డలో అమ్మ సిలువ అలాగే ఉంది. ఇన్నేళ్ళ సున్నం ఒక దాని మీద ఒకటి పడి రాళ్ళన్నీ పెంకులు కట్టి ఉన్నాయి. చూస్తే గుర్తుపడతాననుకున్నాను. ఏమీ గుర్తుపట్టలేదు. కోడిగుడ్డంత ఉన్నవన్నీ ఏరి సంచిలో వేస్తుంటే, ఎవరో చెప్పినట్టున్నారు, చిన్నమ్మ పరుగున వచ్చింది.

"ఏం పనే గిది? అక్క మీదికెల్లి రాళ్ళు దీస్తాన్నవా? సదువుకున్నోళ్ళకు మతి ఉండదా?"

చెప్పాను. మొత్తం చెప్పాను. ఆమె చివరిదాకా వింది. తర్వాత తనే వంగి, నాకు కనబడని రెండు రాళ్ళు మట్టిలోంచి పెళ్ళగించి ఇచ్చింది. "పండుగ లోపల తెచ్చి పెట్టు, బోసిగ ఉంటది," అంది.

పందొమ్మిది రాళ్ళు. బడి ల్యాబులో సోమవారం సాయంత్రం అందరూ పోయాక వాటిని వెనిగర్‌లో నానబెట్టి సున్నం గీకాను. ఒక్కొక్కదాన్ని దారానికి కట్టి, గాలిలో ఒకసారి, నీళ్ళలో ఒకసారి తూచి, అంతే నీళ్ళకంటే అది ఎన్ని రెట్లు బరువో లెక్కకట్టాను. రెండు పాయింట్ ఆరు. రెండు పాయింట్ ఆరు. మళ్ళీ అదే. పద్నాలుగో రాయి రెండు పాయింట్ తొమ్మిది దాటింది. దారం జారి రాయి బీకరులో పడింది, బీకరు పగిలింది. ఇంకోటి తెచ్చి మళ్ళీ తూచాను. అదే వచ్చింది. దాంతో పలుగురాయి మీద గీశాను. పిండి రాలి, గాటు పడింది. ఆ గాటు మీద వేలు పెట్టుకుని స్టూలు మీద కూర్చుండిపోయాను. మర్నాడు నా స్నేహితురాలు కూడా చూసి, అనుమానం లేదంది.

అక్కడితో ఊరుకుని ఇంటికి పోయి చెప్పేస్తే సరిపోయేదేమో. నాకు అలా వద్దనిపించింది. నేను తూచి నేను చెప్తే అది మళ్ళీ నా మాటే అవుతుంది. ఆయన చెయ్యే దాన్ని పట్టుకోవాలి, ఆయన నోటితోనే ఇది పలుగు కాదనాలి, నేను పక్కన కూర్చుని ఔను బాపూ అనాలి. ఆ రాయిని మిగతా పద్దెనిమిదింటిలో కలిపేసి సంచి ఇంటికి మోసుకెళ్ళాను. అడుగున ఒక చిన్న సిరా చుక్క మాత్రం పెట్టుకున్నాను, నాకు తెలియడానికి.

ఆదివారం పొద్దున బాపు మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముక్కుకు గొట్టం, పక్కన మిషిన్ గురగురమంటోంది. కళ్ళకు పొరలు కమ్మి చూపు బాగా తగ్గింది. ఆయన ఒళ్ళో తువ్వాల పరిచి రాళ్ళు పోశాను.

"ఏందివి?"

"బడిల పిల్లలకు చూపెట్టాలె బాపూ. జర ఏరి ఇయ్యి. పలుగు ఒక దిక్కు, కానిది ఒక దిక్కు."

రాళ్ళు చేతికి తగలగానే మనిషి మారిపోయాడు. వెన్ను నిలబడింది. ఎడమచెయ్యి దానంతటదే కుప్పలోకి పోయింది. ఒక రాయి ఎత్తడం, అరచేతిలో చిన్నగా ఎగరేయడం, పక్కకు పెట్టడం. సుత్తి లేకపోయినా కుడిచెయ్యి ప్రతి రాయికీ ఒకసారి కదిలింది. "పలుగు. పలుగు. గిది గూడ. దీంట్ల సన్నగ డొల్ల ఉన్నది, అయినా పలుగే." మాటకూ మాటకూ మధ్య ఆయాసం వస్తోంది, కానీ చెయ్యి ఆగడం లేదు. అంత సంతోషంగా ఆయన్ని చూసి ఎన్నేళ్ళయిందో.

సిరా చుక్క ఉన్న రాయి ఆయన చేతిలోకి వచ్చింది.

చెయ్యి ఆగింది. ఎగరేశాడు. మళ్ళీ ఎగరేశాడు. కుడిచేతిలోకి మార్చి, తిరిగి ఎడమచేతిలోకి తెచ్చుకున్నాడు. వేళ్ళు దాని చుట్టూ మూసుకున్నాయి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అనుకుంటున్నాను.

"పలుగు," అని ఆయన దాన్ని మిగతావాటిలో పెట్టేశాడు.

పందొమ్మిదీ అయిపోయాయి. పందొమ్మిదీ ఒకే పక్కన ఉన్నాయి.

"బాపూ, ఆ ఒక్కదాన్ని ఎందుకు అంతసేపు పట్టుకున్నవ్?" అన్నాను.

ఆయన సిగ్గుపడ్డట్టు నవ్వాడు.

"అది నా చెయ్యి గుణం బిడ్డా. ఒక్కోటి నిండుగ అనిపిస్తది. ఉత్తదే. నువ్వు జెప్పినంక నాకు సమజైంది గద. అందుకేనాయె, ఏరుడు ఇడిసిపెట్టింది."

"ఏరుడు ఇడిసిపెట్టింది నా ఫీజులకు కదా బాపూ?"

"ఫీజులకు ఏరుడు సాలేది." మిషిన్ గాలి రెండుసార్లు పీల్చుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. "చెయ్యి తప్పు జెప్తాందని ఎర్కైనంక, ఏ రాయి వట్టుకున్నా అనుమానమే. మేస్త్రీ నా మాట మీద లారీలు నింపుతాండు. మోసం జేసినట్టు గాదా? మిల్లుల అయితే తట్టలు మోసుడే, చెయ్యితోటి పనిలేదు. నేనే అడుక్కొని పోయిన."

నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. నల్లా తిప్పి నీళ్ళు పోనిచ్చాను. ఆరుబయట గాలిలో రాళ్ళు ఏరుకుంటున్న మనిషిని ఆ తెల్లదుమ్ము షెడ్డులోకి పంపింది నా రెండు నిమిషాల పరీక్ష. మా ఇంటి మిషిన్ చప్పుడు, ఆ దమ్ము, డాక్టరు వెలుతురుకు పట్టి చూపించిన ఆ తెల్లటి ఎక్స్‌రే, అన్నీ నా నోటి మాటతో మొదలయ్యాయి. నా త్యాగమూర్తి తండ్రి కథ చెప్పి నేను ఎంతమందిని ఏడిపించానో గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది.

మొహం కడుక్కుని తిరిగొచ్చాను. ఆ రాయిని తీసి ఆయన ఎడమచేతిలో పెట్టాను. ఇది నీ రాయే బాపూ, అమ్మ సమాధి మీదికెల్లి తెచ్చిన, పలుగు కాదు, నేను తప్పు చెప్పిన, నీ చెయ్యే నిజం చెప్పింది అన్నాను. బొక్కెన తెచ్చి, దారం కట్టి, నీళ్ళలో తూచి చూపించాను. ఆయనకు అంకెలు కనబడవని గుర్తొచ్చి, పలుగురాయి మీద గాటు పెట్టి ఆయన వేలు ఆ గాటులో పెట్టాను. వేలితో తడిమి, నాలుగు దేశాలవాళ్ళు దీనికోసం వెతుకుతారని నేను చెప్తున్నదంతా ఓపిగ్గా విన్నాడు. నేను ఏడుస్తూ చెప్తున్నాను. ఆయన కుడిచెయ్యి వచ్చి నా తల మీద ఆగింది.

"ఊకో బిడ్డా, జర ఊకో. ఫికర్ జెయ్యకు."

"నిజం బాపూ. నువ్వే కరెక్టు."

"దమ్ము తగ్గుతదని జెప్పినవ్. ఈస్టర్‌కు గుడి దాక నడుస్తనని జెప్పినవ్. నేనేమన్న కాదన్ననా?" అన్నాడు, చిన్నపిల్లను సముదాయిస్తున్నట్టు. "నాకు ఎర్కే. నా పానం మంచిగుండాలని జెప్తవ్ నువ్వు. గిది గూడ మంచిగున్నది. మల్లొక్కసారి జెప్పు, వింట."

నేను కళ్ళు తుడుచుకుని, ఆయన రాయి ఇంటికి తెచ్చిన సాయంత్రం నుంచి మళ్ళీ మొదలుపెట్టి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని, మధ్యమధ్య ఊ కొడుతూ, కథ విన్నట్టు విన్నాడు.